ఇటాలియన్ థీమ్ రెస్టారెంట్‌లో పూర్తి వెజ్ డిన్నర్ కుదురుతుందా? తిన్నవాళ్లు చెప్పండి

చినుకు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్నల పెళ్లిరోజు. ఇంట్లో వాళ్లందరం కలిసి ఒక ఇటాలియన్ థీమ్ రెస్టారెంట్‌కి వెళ్దామనుకుంటున్నాం. లోపలంతా వెనిస్ కాలువలాగా కట్టారు, గొండోలా పడవల్లో టేబుళ్లు వేస్తారు, వెయిటర్లు కార్నివాల్ మాస్కులు పెట్టుకుని వడ్డిస్తారు, మధ్యమధ్యలో ఒకాయన టేబుల్ దగ్గరికే వచ్చి పాడతాడు. అమ్మకి ఇలాంటి హడావిడి చాలా ఇష్టం. కానీ అమ్మా నేనూ శాకాహారులం, అమ్మ గుడ్డు కూడా ముట్టదు, మిగతావాళ్లు అన్నీ తింటారు. మెనూలో కొన్నిటి పక్కన ఆకు గుర్తు ఉంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? అందరి ముందూ ప్లేట్లు నిండుగా ఉండి అమ్మ ముందు మాత్రం నాలుగు ఆకులు, రెండు టమాటా ముక్కలు ఉండటం నాకు ఇష్టం లేదు. ఏం అడగాలి, ఏం తినొచ్చు, ఏం వదిలేయాలి చెప్పండి ప్లీజ్.

వంటింటి_కిటికీ:
ముందు చీజ్ సంగతి తేల్చుకోండి. చాలాచోట్ల ఆకు గుర్తుకి అర్థం అందులో మాంసం ముక్కలు లేవని మాత్రమే, చీజ్ ఎలా తయారైందో ఎవరూ చూడరు. పార్మిజానో రెజ్జానో ఉంది కదా, దానికి పాలు గడ్డకట్టించడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్టే వాడాలని ఆ చీజ్ నియమాల్లోనే ఉంది, అంటే నిజంగా ఆ పేరుతో వచ్చే చీజ్‌లో వెజ్ రకం అనేది ఉండదు. గ్రానా పడానో కూడా అంతే, పైగా దాంట్లో గుడ్డు తెల్లసొన నుంచి తీసే లైసోజైమ్ కూడా తరచుగా కలుపుతారు కాబట్టి మీ అమ్మగారికి రెండు రకాలుగానూ పనికిరాదు. పెకొరినో రొమానోకి గొర్రెపిల్ల రెన్నెట్ వాడతారు.

పైన తురిమినది వద్దంటే సరిపోతుందనుకోకండి. పెస్టో అనే పచ్చడిలాంటి సాస్‌లో బేసిల్ అనే తులసి జాతి ఆకులు, పైన్ గింజలు, వెల్లుల్లితో పాటు ఈ చీజ్‌లే కలిపి నూరుతారు, అది ముందే చేసి డబ్బాలో పెట్టుకుంటారు. మొజరెల్లా, రికొట్టా విషయంలో ఏ కంపెనీది వాడుతున్నారో అడిగితే చెప్తారు, సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసిన మొజరెల్లా మార్కెట్‌లో చాలానే దొరుకుతుంది. మస్కర్పోనే అనే మెత్తటి చీజ్‌ని మాత్రం క్రీమ్‌ని సిట్రిక్ యాసిడ్ లాంటిదానితో విరగ్గొట్టి చేస్తారు కాబట్టి దానికి రెన్నెట్ గొడవ లేదు.

రాత్రిబండి:
చీజ్ తర్వాత స్టాక్, అంటే మాంసమో కూరగాయలో ఉడికించి తీసిన నీళ్లు. రోమన్ కోటలాగా కట్టిన ఒక రెస్టారెంట్‌కి మా ఆఫీసు వాళ్లం వెళ్లాం, అక్కడ సెట్ మెనూలో వెజ్ అని రాసి ఉన్నది పుట్టగొడుగుల రిసోట్టో, అంటే స్టాక్‌లో మెత్తగా ఉడికించిన అన్నం. వెయిటర్‌ని అడిగితే పూర్తి వెజ్ అండీ అన్నాడు, వంటవాళ్లని అడిగి రమ్మని మళ్లీ పంపిస్తే అప్పుడు తెలిసింది, చికెన్ ఉడికించిన నీళ్లతో చేశారని. ఆ అబ్బాయి తప్పు కాదు, వాళ్లకి కాస్ట్యూమ్ గురించి, పాటల గురించి నేర్పిస్తారు గానీ గిన్నెలో ఏముందో చెప్పరు. పొద్దున్నే ఒక పెద్ద గిన్నెడు స్టాక్ కాచి రాత్రి దాకా అన్ని రిసోట్టోలకీ అదే పోస్తారు. కుంకుమపువ్వు వేసి పసుపు రంగులో వచ్చే మిలనీస్ రిసోట్టోలో అయితే పాత పద్ధతిలో ఎముక మూలుగ కూడా పడుతుంది. మినెస్ట్రోనే సూప్ చూడటానికి అంతా కూరగాయలే, అందులోనూ పందిమాంసం ముక్కలో, పార్మిజానో పైచెక్కో వేసి మరిగించడం మామూలు.

ఇంకొకటి, ప్రోగ్రామ్ మొదలయ్యాక అక్కడ ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడదు. అడగాల్సినవన్నీ ముందే అడిగేయండి.

తులసికోట:
వంటింటి_కిటికీ గారు చెప్పింది నిజమే కానీ నాకు రెన్నెట్ పట్టింపు లేదు, ఆ గీత ఎక్కడ గీసుకోవాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవాలి. చినుకు గారూ, అమ్మగారిని ముందే అడిగి తెలుసుకోండి, దాన్ని బట్టి ఆర్డర్ సగానికి సగం మారిపోతుంది.

గుడ్డు గురించి నేను చెప్తాను. ఫ్రెష్ పాస్తా అని గొప్పగా రాసేవాటిలో, అంటే తాల్యతెల్లె, రావియోలీ, లసాన్యా లాంటివాటిలో పిండిని గుడ్లతోనే కలుపుతారు, ముఖ్యంగా ఉత్తర ఇటలీలోని ఎమిలియా రొమాన్యా ప్రాంతం పద్ధతిలో. ఎండు పాస్తా అలా కాదు, దురం గోధుమ రవ్వ, నీళ్లు, అంతే. ఎండు పాస్తా దురం గోధుమతోనే చేయాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు. అందుకని గుడ్డు తినని వాళ్లు ఎండు స్పగెట్టి, పెన్నె అడగడం మేలు, ప్యాకెట్ మీద గుడ్డు లేదని ఒకసారి చూడమనండి. న్యోకీలో (బంగాళదుంపతో చేసే చిన్న ఉండలు) కూడా కొందరు గుడ్డు వేస్తారు, కొందరు వేయరు.

ఏం తినొచ్చు అంటే, దక్షిణ ఇటలీ వంటల వైపు వెళ్లండి. వాటికి మాంసం తీసేస్తే ఏదో వెలితిగా ఉండటం అనేది లేదు, పుట్టుకే అలాంటిది. పెన్నె అరాబ్బియాతాలో టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయ. ఆల్యో ఎ ఒల్యోలో వెల్లుల్లి, ఆలివ్ నూనె, మిరపకాయ. సిసిలీ వాళ్ల పాస్తా అల్లా నోర్మా అయితే నాకు ప్రాణం, వేయించిన వంకాయ ముక్కలు టమాటాలో మగ్గి, పైన బేసిల్ ఆకులు, కడుపు నిండుతుంది, మనసూ నిండుతుంది. పైన వేసే ఉప్పు రికొట్టా వద్దనుకుంటే వేయకుండా ఇస్తారు. మారినారా పిజ్జాలో చీజే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె. మంచి పొయ్యి ఉన్నచోట అది మార్గరీటాకి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

పుట్టనెస్కా మాత్రం వద్దు, ఆలివ్‌లు, కేపర్లు మాత్రమే కంటికి కనిపిస్తాయి, ఆంచోవీ చేపలు నూనెలో కరిగిపోయి ఉంటాయి.

చినుకు:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. అమ్మని అడిగాను, రెన్నెట్ కూడా వద్దంది. వెనిస్ థీమ్ అన్నాను కదా, వాళ్ల స్పెషల్ మెనూ అంతా అక్కడి వంటలే. దాంట్లో ఏమైనా దొరుకుతాయా?

నీలిమేఘం:
వెనిస్ అంటే చేపల ఊరు, కొంచెం జాగ్రత్త. నల్లగా వచ్చే రిసోట్టో, పాస్తా చూసి ఏదో ధాన్యం రంగు అనుకుంటారు, అది స్క్విడ్ సిరా. బిగోలి ఇన్ సాల్సా అని లావు పాస్తా ఒకటి ఉంటుంది, పైకి ఉల్లిపాయలే కనిపిస్తాయి, ఆంచోవీ అందులో కూడా ఉంటుంది. రిజి ఎ బిజి అంటే బియ్యం, పచ్చి బఠాణీలు, కానీ పందిమాంసం, మాంసం స్టాక్ వేయడం వాడుక.

అయితే వెనిస్ ఉన్న వెనెతో ప్రాంతంలో కూరగాయలకి కొదవ లేదు. త్రెవీజో రాడిక్యో అని ఎర్రగా, కాస్త చేదుగా ఉండే ఆకు, దాన్ని నిప్పుల మీద కాల్చి ఇస్తారు. ఆర్టిచోక్‌లు ఉంటాయి, సీజన్‌లో తెల్ల ఆస్పరాగస్ ఉంటుంది. అన్నిటికన్నా పొలెంతా, అంటే మొక్కజొన్న రవ్వని నీళ్లలో గట్టిగా ఉడికించింది, దాని మీద పుట్టగొడుగుల వేపుడు. వెన్న, చీజ్ కలపకుండా నీళ్లతో చేయమనండి, అమ్మగారికి అన్ని రకాలుగానూ సరిపోతుంది, థీమ్‌కీ సరిపోతుంది. నాకైతే ఆ మెనూలో మొదట అడగాల్సింది అదే అనిపిస్తుంది.

గరిటె_చేతిలో:
నేను ఇటాలియన్ కిచెన్‌లో పనిచేశాను కాబట్టి లోపలి పద్ధతి చెప్తాను. థీమ్ రెస్టారెంట్లలో ఒకే టైమ్‌కి హాలంతా నిండుతుంది, షో టైమ్ ప్రకారం ప్లేట్లు బయటికి వెళ్లాలి, అందుకని సాస్‌లు, స్టాక్‌లు, డెజర్ట్‌లు అన్నీ ముందే తయారై ఉంటాయి. టేబుల్ దగ్గర కూర్చున్నాక అది తీసేయండి, ఇది మార్చండి అంటే మేం చేయగలిగింది చాలా తక్కువ. అదే రెండు మూడు రోజుల ముందు చెప్తే దాదాపు ఏదైనా విడిగా చేసి పెట్టగలం, చెఫ్‌లకి నిజానికి ఇలాంటివి చేయడం ఇష్టం కూడా.

లంచ్ అయిపోయి డిన్నర్ ఇంకా మొదలవని టైమ్‌లో ఫోన్ చేయండి. బుకింగ్ తీసుకునే వాళ్లతో కాకుండా షెఫ్‌తో మాట్లాడతానని అడగండి. వెజ్ ఉందా అని అడిగితే ఉంది అనే జవాబు వస్తుంది, దానివల్ల లాభం లేదు. మాంసం, చేప, గుడ్డు, రెన్నెట్ ఉన్న చీజ్, మాంసం స్టాక్, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఇవేవీ లేకుండా ఇద్దరికి ఏం చేయగలరు అని అడగండి. వాళ్లు చెప్పింది బుకింగ్‌లో రాయమనండి, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకి ఆ కాగితమే కనిపిస్తుంది.

వేపుళ్ల నూనె గురించి ఎవరూ రాయలేదు. వంకాయ, కాలీఫ్లవర్ వేయించే నూనెలోనే స్క్విడ్ రింగులు కూడా వేస్తారు, విడి నూనె లేదంటే వేపుళ్లు వదిలేయండి. పిజ్జా కోసే చక్రం కూడా శుభ్రం చేసి వాడమనండి. మధ్యలో పెద్ద పళ్లెం పెట్టి అందరూ వడ్డించుకునే పద్ధతైతే మీ ఇద్దరి పళ్లేలు వేరుగా, వేరే గరిటెతో తెమ్మనండి, లేకపోతే ఒకదాని గరిటె ఇంకోదాంట్లోకి వెళ్లిపోతుంది.

రాత్రిబండి:
బ్రెడ్ కూడా అడగాలి. ఫొకాచ్చాలో, పియాదీనాలో కొన్నిచోట్ల పందికొవ్వు కలుపుతారు, అది అందరికంటే ముందు టేబుల్ మీదకి వచ్చేస్తుంది.

చినుకు:
ఫోన్ చేసి షెఫ్‌తోనే మాట్లాడతాను. చివరిగా, స్వీట్? కేక్ కట్ చేయించట్లేదు, అక్కడి డెజర్టే పెడదామని.

వంటింటి_కిటికీ:
తిరమిసులో గుడ్డు ఉంటుంది, పన్నా కొత్తాని జెలటిన్‌తో గట్టిపరుస్తారు, కన్నోలీ గొట్టాల పిండిలో పందికొవ్వు ఉండొచ్చు. నిమ్మ సోర్బెత్తో (పాలు లేని నిమ్మరసం ఐస్) అడగండి, తెల్లసొన వేయలేదని మాత్రం ఖాయం చేసుకోండి. పాలరుచితో ఉండే ఫియోర్ ది లాత్తె జెలాటోలో (ఇటాలియన్ ఐస్‌క్రీమ్) సాధారణంగా గుడ్డు ఉండదు, దాని మీద వేడి కాఫీ పోసి ఇస్తే అఫొగాతో అవుతుంది, పెద్దవాళ్లకి బాగా నచ్చుతుంది. రెండూ ఉంటే రెండూ చెప్పండి, అమ్మగారికి ఏది కావాలో అక్కడ చూసి ఎంచుకుంటారు.