ఒత్తిడి నుంచి తప్పించుకోవడానికి శేషాచలం అడవిలో ఒంటరిగా గుడారం వేసుకోవడం సబబేనా?

ప్రశ్న వేసినవారు, తిరుపతి:
ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తున్నాను. రాత్రి పదకొండు దాటాక కూడా కాల్స్ వస్తుండటంతో నిద్ర కరువైంది. తలకోన దాటి లోపలి అడవిలో, సిగ్నల్ అందని చోట, ఒక్కడినే ఒకటి రెండు రాత్రులు గుడారంలో గడపాలని ఉంది. ఇంట్లోవాళ్లు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

సభ్యుడు, భాకరాపేట:
మీ ఇంట్లోవాళ్ల మాటే నాదీ. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత వాత పడిన తరువాత ఆ భయాన్ని ఎవరూ తేలికగా తీసిపారేయలేరు. అయితే అంతకంటే ముందు చూసుకోవలసింది చట్టం. తలకోన అడవి 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో భాగం; అందులోకి అనుమతి లేకుండా వెళ్లడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఇది ఎర్రచందనం అడవి. దుంగల కోసం రాత్రివేళ చొరబడేవారిని పట్టుకోవడానికి టాస్క్‌ఫోర్స్ గాలించే చోట, వీపున సంచి, చేతిలో టార్చితో ఒంటరి మనిషి ఎదురైతే, అతను మనశ్శాంతి కోసం వచ్చాడని ఎవరు నమ్ముతారు?

ఇక నీళ్ల సంగతి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన వైపు వాన ఎంత ఉద్ధృతంగా ఉంటుందో 2021 నవంబరులో తిరుపతి వీధులే చూశాయి. కోనలో చినుకు లేకపోయినా ఎగువ కొండపై గట్టిగా కురిస్తే చాలు, అప్పటిదాకా మోకాలి లోతు కూడా లేని ఏరు బండలను ముంచెత్తుతూ దిగుతుంది. ఏటి పక్కన చదునైన ఇసుక తిన్నె గుడారానికి అనువుగా కనిపిస్తుంది గానీ, నీరు పెరిగితే మొదట మునిగేది అదే. తోడుంటే వంతులవారీగా మేలుకోవచ్చు. ఒక్కరే అయితే ఆ వీలు లేదు.

సభ్యురాలు, చిత్తూరు:
అనుమతి లేని చోటికి వెళ్లకూడదన్న మాట ఒప్పుకుంటాను గానీ, ఒంటరిగా వెళ్లడమే తప్పన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. నలుగురు కలిసి వెళ్లే ప్రయాణంలో వంట, ఫొటోలు, పేకాట తప్ప మౌనానికి చోటెక్కడ? బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లల మధ్య ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని పూట దొరకడమే నాకు అరుదు. (నేను వెళ్తానంటే చట్టం కంటే ముందు చుట్టాలే అడ్డుపడతారు, అది వేరే చర్చ.) తలకోనలోనే బసకు గదులున్నాయి. పగలు తెలిసినవారి తోడుతో 270 అడుగుల జలపాతం చూసి, సాయంత్రం సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర ఒంటరిగా కూర్చుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సభ్యుడు, భాకరాపేట:
అమ్మా, మీరు చెప్పినట్టు వెళ్తే నాకూ పేచీ లేదు. అయితే ప్రశ్న వేసినవారిని ఒకటి అడగాలి: మీకు కావలసింది అడవా, సిగ్నల్ లేదని చెప్పుకోవడానికి ఒక సాకా? రెండోదే అయితే, తిరిగొచ్చిన సోమవారం నుంచి ఆ కాల్స్ మళ్లీ మొదలవుతాయి.

ప్రశ్న వేసినవారు, తిరుపతి:
నిజం చెప్పాలంటే సాకే, అన్నా. సెలవు అడిగితే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లమంటున్నారు. అందని చోటు పేరు చెబితే తప్ప వదలరు. ఇంతకీ, తలకోన గదుల్లో సిగ్నల్ వస్తుందా?