పెనుగులాడటం వేరు, అల్లాడటం వేరు

పెనుగులాడటం అంటే పెద్ద ఎత్తున పోట్లాడటమనీ, పెనుగాలి, పెనుప్రమాదం అన్నప్పుడు వచ్చే ‘పెను’యే ఇందులోనూ ఉందనీ చాలామంది అనుకుంటారు. అది కాదు. దీని పాత రూపం పెనఁగు, పెనవేసుకోవడంలో ఉన్న ‘పెన’కి దగ్గర చుట్టం. మెలిపడటం, ఒకదాన్నొకటి చుట్టుకోవడం అనే అర్థంలోంచే కలబడటం అనే అర్థం వచ్చింది. కన్నడంలో హెణగాడు అంటారు, మన పాలు వాళ్లకి హాలు, పులి హులి అయినట్టే పెనగు అక్కడ హెణగు అయింది. చివర్లోని ‘ఆడు’ మనకి కొత్తేం కాదు, కొట్లాడు, పోరాడు, వెదుకులాడు, తడుములాడు అన్నిట్లోనూ అదే, ఒకరితో ఒకరు చేసే పనికో, పదేపదే చేసే పనికో వస్తుంది.

అందుకే పెనుగులాటకి అవతల ఒకటి ఉండాలి, అది మనల్ని పట్టుకునో, మనం దాన్ని పట్టుకునో ఉండాలి. పోతన గజేంద్రమోక్షంలో మొసలి ఏనుగుని మడుగులోకి లాగుతుంటే ఏనుగు మొసలిని గట్టుకి లాగుతుంది చూడండి, అదీ పెనుగులాట. ‘లావొక్కింతయు లేదు’ అనే చోటికి వచ్చేసరికి (ఇక్కడ లావు అంటే బలం) అది అయిపోయింది, ఇక మిగిలింది మొర పెట్టుకోవడమే.

మనసు విషయానికీ ఇదే లెక్క. ఉద్యోగం మానాలా వద్దా అని తనలో తాను పెనుగులాడుతున్నాడంటే రెండు వైపులా లాగే బలం ఉందని. సతమతమవుతున్నాడంటే ఆ లాగుడు లేదు, తోచకపోవడమే ఉంది. కొట్టుమిట్టాడటానికి ‘తో’ కంటే ‘లో’, ‘మధ్య’ బాగా అతుకుతాయి: అప్పుల్లో కొట్టుమిట్టాడతాం, చావుబతుకుల మధ్య కొట్టుమిట్టాడతాం.

అసలు తికమక అల్లాడటం దగ్గర వస్తుంది, ఎందుకంటే రెండిటికీ ‘తో’ వస్తుంది. ఆకలితో అల్లాడాడు, మొసలితో పెనుగులాడింది. ‘తో’ తీసేసి ‘వల్ల’ పెట్టి చూడండి. ఆకలి వల్ల అల్లాడాడు అంటే కొంచెం ఎబ్బెట్టుగా ఉన్నా అర్థం చెడదు, మొసలి వల్ల పెనుగులాడింది అంటే వాక్యమే కూలిపోతుంది. మొదటి ‘తో’ కారణం చెప్తోంది, రెండోది ప్రత్యర్థిని చూపిస్తోంది. మరి జబ్బుతో పెనుగులాడుతున్నాడు అనొచ్చా అంటే, తప్పకుండా అనొచ్చు, కానీ అప్పుడు ఆ మనిషి ఎదురు తిరుగుతున్నాడని చెప్తున్నట్టు. మంచం మీద మూలుగుతూ పడున్నవాడి గురించి ఆ మాట రాస్తే తప్పు, అక్కడ విలవిల్లాడుతున్నాడు అనాలి.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకోటి ఉంది. ఈమధ్య ఇంగ్లీషులోని ‘స్ట్రగుల్’ (struggle) అనే మాటకి చేసే అనువాదాల్లో ‘నిద్రపోవడానికి పోరాడుతున్నారా?’, ‘పిల్లలు చదవడానికి పెనుగులాడుతున్నారు’ లాంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. నిద్ర కోసం ఎవరూ పోరాడరు, నిద్రపట్టక అవస్థ పడతారు. పిల్లలు చదవలేక తంటాలు పడతారు, లేదా కిందామీదా పడతారు. ఇలాంటి చోట తెలుగు ముందు చేతకాని సంగతి చెప్పి (పట్టక, చదవలేక, రాక) ఆ తర్వాత పాట్లు చెప్తుంది. ఆ మాటల చివర ‘లేదు, కాలేదు’ అనే అర్థాన్నిచ్చే ‘అక’ని వదిలేసి క్రియ ఒక్కదాన్నే మార్చుకుంటూ పోతే ఎంత మంచి మాట తెచ్చిపెట్టినా అతకదు.