సీఎఫ్ (సిస్టిక్ ఫైబ్రోసిస్) కణాల్లో కాల్షియం పీక్ తగ్గిపోతోంది, డై సమస్యా?

ప్రశ్న: ఎఫ్508డెల్ (సీఎఫ్‌లో ఎక్కువగా కనిపించే మ్యుటేషన్) ఉన్న శ్వాసనాళ కణాలు, గాలి-ద్రవ కల్చర్ (కింద ద్రవం, పైన గాలి), ఫ్యూరా-2 (కాల్షియాన్ని చూపే డై). పైవైపు 100 మైక్రోమోలార్ యూటీపీ (కణంలో కాల్షియం పెంచే న్యూక్లియోటైడ్) వేస్తే వారం వయసు కల్చర్లలో పీక్ మామూలు కణాల కన్నా బాగా ఎక్కువ. నెల దాటాక రెండూ సమానం. డై సరిగా ఎక్కట్లేదా?

జవాబు 1: డైని అనుమానించకండి, అది అసలు జీవశాస్త్రమే. పెద్ద పీక్‌కి కారణం మ్యుటేషన్ కాదు. ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలం ఉన్న ఇన్‌ఫెక్షన్, వాపు వల్ల కణం పైభాగంలో ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణంలో కాల్షియం దాచుకునే భాగం) పెరుగుతుంది, దాంతో కాల్షియం నిల్వా పెరుగుతుంది. కల్చర్‌లో ఆ వాపు లేదు కాబట్టి నెల తిరిగేసరికి ఈఆర్ మామూలైపోతుంది. రోగి కఫం నుంచి తీసిన, వడగట్టిన ద్రవాన్ని పైవైపు వేస్తే మళ్లీ పెరుగుతుంది.

జవాబు 2: ఒప్పుకుంటాను, కానీ నిల్వ కొలవకుండా తేల్చేయొద్దు. కాల్షియం లేని, ఈజీటీఏ (మిగిలిన కాల్షియాన్ని పట్టేసే రసాయనం) కలిపిన బఫర్‌లో 1 మైక్రోమోలార్ థాప్సిగార్గిన్ (ఈఆర్ నిల్వను ఖాళీ చేయించే మందు) వేసి 340/380 నిష్పత్తి (ఆ రెండు నానోమీటర్ల కాంతుల్లో డై వెలుగుల నిష్పత్తి, కాల్షియంతో పాటు పెరుగుతుంది) చూడండి. ఇంకోటి, ఈ కణాలు డైని బయటికి తోసేస్తాయి, 1 మిల్లీమోలార్ ప్రొబెనిసిడ్ (ఆ తోసేయడాన్ని ఆపే మందు) లేకపోతే బేస్‌లైన్ నిలవదు.

ప్రశ్నించినవారు: మ్యూకస్ కడిగిన వెంటనే కొలుస్తున్నాను. పర్లేదా?

జవాబు 2: అక్కడే తేడా కొడుతుంది! కడిగే తాకిడికే కణాలు ఏటీపీ వదులుతాయి, దాంతో యూటీపీని, ఏటీపీని గుర్తించే పీ2వై2 గ్రాహకం మొద్దుబారుతుంది. అరగంట ఆగి, అప్పుడు యూటీపీ వేయండి.