తెనాలి నుంచి గంగావతి క్యాంపుకి వచ్చిన రెండు కుటుంబాలు: దాయాదులా, ఊరికే వరస కలిపిన వాళ్లా?

క్యాంపు మనవడు:
మా తాత 1950ల చివర్లో తెనాలి దగ్గర మాగాణి అమ్మేసి, తుంగభద్ర ఎడమ కాలువ కింద కర్ణాటకలోని గంగావతి తాలూకాలో పొలం కొన్నాడు. అక్కడ ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ నాలుగైదెకరాలు వచ్చేవంట. ఆయనతో పాటు అదే ఊరి నుంచి ఇంకో కుటుంబం వచ్చింది, క్యాంపులో (ఆంధ్రా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లని ఇక్కడ క్యాంపులంటారు) ఇళ్లు పక్కపక్కనే, పొలాలూ పక్కపక్కనే. ఇంటిపేర్లు మాత్రం వేరు. మా నాన్న ఆ ఇంటి పెద్దాయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. నాయనమ్మ "వాళ్లు మనవాళ్లేరా" అనేది, ఎలా మనవాళ్లో చెప్పకుండానే పోయింది. గోత్రం అడిగితే వాళ్లింట్లో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకోటి చెబుతున్నారు. దీనికి తోడు మా బాబాయి, ఆ ఇంటి పెద్దాయన కొడుకు ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్నారు, అంటే వాళ్లిద్దరూ తోడల్లుళ్లు.

ఇప్పుడు ఆ ఇంటి మనవడికి మా చెల్లిని అడుగుదామని ఎవరో కదిపారు. పెద్దవాళ్లలో సగం మంది సరే అంటే సగం మంది "ఛీ, అన్నాచెల్లెళ్లు" అంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. కాగితాల మీద తేల్చుకునే దారి ఏమైనా ఉందా?

పాత దస్తావేజు:
ఉందండీ. కానీ గంగావతిలో కాదు, తెనాలి వైపు మొదలుపెట్టండి. తాతగారు వచ్చేటప్పుడు పొలం అమ్మారు కదా, ఆ అమ్మకం దస్తావేజు నకలు తీయించండి. నెట్‌లో వచ్చే ఈసీ (ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) ఆంధ్రాలో 1983 నుంచే, మీకు అది పనికిరాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సు వెతికించాలి. సర్వే నంబరు తెలియకపోయినా ఫరవాలేదు, ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతోనే ఉంటుంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే రిజిస్టరుని ఒకటో పుస్తకం అంటారు, అందులోవి ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, మీది కాదు అని ఎవరూ అడ్డు చెప్పకూడదు.

నకలు చేతికొచ్చాక డబ్బు సంగతి వదిలేసి హద్దులు చదవండి. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం ఫలానా వారిది, పడమర డొంక, ఉత్తరం పంటకాలువ, ఇలా ఉంటుంది. పంపకాల్లో ఒకే చెక్కని చీల్చుకున్న అన్నదమ్ములు ఒకరికొకరు హద్దుగా పడతారు. ఆ పక్క కుటుంబం పేరు తెనాలి పొలానికి కూడా హద్దుగా కనబడిందంటే అనుమానించాల్సిందే. సాక్షుల సంతకాలూ చూడండి, పరాయి వాళ్లకంటే బావమరుదులు, పినతండ్రి కొడుకులు ఎక్కువ ఉంటారు. "మాకు పారీకత్తు ద్వారా సంక్రమించిన" అనే మాట ఉంటే ఆ పారీకత్తు (పంపకాల దస్తావేజు) నంబరు పట్టుకోండి, అన్నదమ్ముల పేర్లు తండ్రి పేరుతో సహా అందులో ఉంటాయి. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినాయన చనిపోయి ఉంటే వాటి నకలు కూడా ఎవరైనా అడగొచ్చు.

సిరుగుప్ప కోడలు:
కాగితాలు తర్వాత బాబూ, ముందు మైల సంగతి అడుగు. మీ తాత పోయినప్పుడు వాళ్లెన్ని రోజులు పట్టారు? దాయాదులైతే పది రోజులు, వియ్యపు వైపు వాళ్లైతే మూడు రోజులు, ఊరివాళ్లైతే స్నానంతో సరి. ఇళ్ల ఆచారాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుందనుకో. ఇంకోటి, ఇన్నేళ్లుగా గోడ పక్క గోడగా ఉండి రెండిళ్ల మధ్య నేరుగా ఒక్క పెళ్లైనా జరిగిందా? క్యాంపుల్లో మా తరం పెళ్లిళ్లన్నీ చుట్టుపక్కల నాలుగు క్యాంపుల్లోనే తిరిగాయి, అయినా మీ రెండిళ్లు ఇచ్చిపుచ్చుకోలేదంటే ఎవరో పెద్దవాళ్లు ఆపే ఉంటారు.

క్యాంపు మనవడు:
నేరుగా ఒక్కటీ లేదు ఆంటీ. తాత పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా వాళ్లింట్లో దేవుడి దగ్గర దీపం పెట్టలేదని అమ్మ ఇప్పుడే చెప్పింది. ఇది నాకు ఇన్నాళ్లూ తెలియదు.

మంజీర ఒడ్డు:
తొందరపడకు తమ్ముడూ. ఒకే లారీలో సామాను వేసుకొచ్చిన వాళ్లు సొంతవాళ్లకంటే ఎక్కువైపోతారు, మైల కూడా ప్రేమ కొద్దీ పట్టిన ఇళ్లు నాకు తెలుసు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక నిజామాబాద్ వైపు వచ్చిన గుంటూరు, కృష్ణా వాళ్లలోనూ ఇదే తంతు. వాళ్లలో కొందరు కొన్నేళ్లకు అక్కడ కూడా అమ్మి తుంగభద్ర కిందకి వెళ్లారు, మీవాళ్లు మధ్యలో ఎక్కడైనా ఆగారేమో కనుక్కో. ఆగి ఉంటే ఇంకో ఊళ్లో ఇంకో జత కాగితాలు ఉంటాయి. 1956 నవంబరు దాకా రాయచూరు హైదరాబాద్ స్టేట్‌లోదే, అప్పటి రెవెన్యూ కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లని వెంట తీసుకెళ్లాలి. గంగావతి ఇప్పుడు కొప్పళ జిల్లా, అది 1997లో వచ్చింది, అంతకుముందంతా రాయచూరే. ఏ ఆఫీసుకి వెళ్లాలో ముందే అడిగి వెళ్లు, లేకపోతే తిప్పుతారు.

నా దృష్టిలో అసలు తీగ గోత్రం దగ్గర ఉంది. రెండు గోత్రాలు చెబుతున్నారు, ఇంటిపేరు వేరు, అయినా దాయాదుల మైల. అంటే దత్తత అయ్యుండొచ్చు. మీ ముత్తాత తమ్ముణ్ణి ఎవరైనా పెంచుకుని ఉంటే ఇంటిపేరూ గోత్రమూ మారతాయి, పుట్టిన గోత్రం కూడా ఇంట్లో ఎవరో ఒకరి నోట మిగిలిపోతుంది.

పాత దస్తావేజు:
మంజీర గారి మాట నాకు నచ్చింది. దత్తతే అయితే ఇంటిపేరు మారింది కదా అని సంబంధం కలపడానికి లేదండోయ్. పుట్టింటి వైపు చేసుకోకూడని వాళ్లని దత్తత వెళ్లాక కూడా చేసుకోకూడదు, 1956 హిందూ దత్తత చట్టంలోనే ఉంది. తర్వాతి తరాలకి ఎంత దూరం వర్తిస్తుందో లాయర్ని అడగండి. ఇండెక్సులో వెతికేటప్పుడు ఆ కుటుంబం పేరు రెండు ఇంటిపేర్ల కిందా చూడమని చెప్పండి. దస్తావేజుల్లో "ఫలానా వారి దత్తపుత్రుడు" అని స్పష్టంగా రాయడం మామూలే.

సిరుగుప్ప కోడలు:
అది తేలేదాకా చెల్లి విషయం ఎక్కడా ఎత్తకండి. ఆ పిల్లని కూడా ఎవరైనా అడిగారా అసలు?