'మనిషి మనిషే'నా, 'మనిషే మనిషే'నా?

(పేర్లకు బదులు మాట్లాడేవాళ్ల ఊళ్లు.)

కాజీపేట: అమెరికా పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ 1954లో రాసిన హార్టన్ ఏనుగు కథ మా మూడో తరగతి పిల్లలకు చెప్తున్నాను. దుమ్ము నలుసులోంచి మాటలు వినిపిస్తాయి, అడవంతా ఎగతాళి చేసినా ఏనుగు దాన్ని వదలదు. అందులో మాటిమాటికీ వచ్చే 'ఎ పర్సన్స్ ఎ పర్సన్, నో మాటర్ హౌ స్మాల్' పాదాన్ని ఎప్పుడో ఒక బాలసభలో తెలుగులో విన్నాను. 'మనిషే మనిషే నలుసంతయినా' అన్నారా, 'మనిషి మనిషే' అన్నారా? కట్టిందెవరు?

హనుమకొండ: 'మనిషే' అనే ఉండాలి మేడం. మనిషే, మనిషే, నలుసం, తయినా. నాలుగూ సగణాలే, అంటే రెండు పొట్టి అక్షరాలు (లఘువులు), ఒక పొడుగు అక్షరం (గురువు). అచ్చమైన తోటక వృత్తం. తోటకాష్టకంలోని 'భవ శంకర దేశిక మే శరణం' నడకే ఇది. స్యూస్‌కు బాగా ఇష్టమైన నడక కూడా అదే.

పరకాల: నడక సరే సార్, అర్థం సంగతేంటి? మన నోట వచ్చేది 'మనిషి మనిషే'. మొదటి దానికీ 'ఏ' తగిలిస్తే ఒకే మాట రెండుసార్లు నొక్కినట్టవుతుంది. పైగా ఇంగ్లీషు పాదం కూడా మొదట్లో ఒక లఘువు తక్కువే, 'ఎ పర్' అంతే. మన 'మనిషి'కీ నాలుగు మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) ఉండాల్సిన చోట మూడే. రెండు చోట్లా లోటు ఒక్కచోటే పడింది, దాన్ని ఎందుకు పూడ్చాలి?

హనుమకొండ: అక్కడ లోటు లేదు. ముందు పాదం 'ఆఫ్టర్ ఆల్' దగ్గర ఆగుతుంది, 'స్మాల్'కు అంత్యప్రాస దానితోనే. ఆ విరామంలోనే లఘువు దాగుంది.

మహబూబాబాద్: ఇంగ్లీషులో లెక్క ఊనికది, మాత్రలది కాదు. 'పర్' గురువు అయింది నొక్కి పలకడం వల్లనే. కాబట్టి తోటకం పోలిక వరకే. స్యూస్ రాసినవన్నీ సగణాలు కూడా కావు. 50 మాటలతోనే రాసిన 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' (1960) చదవండి, 'ఐ డు నాట్ లైక్' అని లఘువు గురువు, లఘువు గురువుగా పోతుంది.

పాలకుర్తి: పిల్లలకు సంస్కృత వృత్తం ఎందుకన్నా? మా పాల్కురికి సోమన బసవపురాణమంతా ద్విపదలో, అంటే రెండేసి పాదాల దేశి ఛందస్సులో నడిపాడు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, ఎవరైనా పాడుకోవచ్చు. అందులో గొడగూచి అనే చిన్నపిల్ల కథ తీయండి. గిన్నెలో పాలు తెచ్చి శివుణ్ణి తాగమంటుంది. తాగడు. బతిమాలుతుంది, అలుగుతుంది, నాన్న కొడతాడేమోనని ఏడుస్తుంది. ఆ ఏడుపుకు శివుడు దిగివస్తాడు. నలుసంత పిల్ల మాట చెల్లడమంటే అదీ. నాకైతే హార్టన్ కన్నా ముందు గొడగూచే గుర్తొస్తుంది.

పరకాల: గొడగూచి పేరెత్తితే ఇంక నేనేం వాదించను! కానీ ఈ పాదంలో ప్రాణమంతా 'నలుసు'లో ఉంది. కంట్లో పడేదీ నలుసే, కడుపున పడేదీ నలుసే. ఎవరు కట్టారో గానీ ఆ మాట మాత్రం మార్చొద్దు.

కాజీపేట: ఆ ఎవరన్నదే నేనూ అడుగుతున్నాను. నిన్న క్లాసులో రెండూ అనిపించి చూశాను. 'మనిషే'కు చప్పట్లు కుదిరాయి, 'మనిషి' దగ్గర సగం మంది ముందే కొట్టేశారు.

హనుమకొండ: కుదరక ఏం చేస్తాయి, తోటకం గదా.

పరకాల: 'మనిషి' తర్వాత ఒక్క క్షణం ఆగమని చెప్పండి మేడం, అదీ కుదురుతుంది.