1951 షెవ్రోలె 3100: ఆరు వోల్టులే ఉంచాలా, పన్నెండుకి మార్చాలా?

ప్లేనో3100
ట్రక్కు 1951 షెవ్రోలె 3100. ఇంజిను కంపెనీ ఇచ్చిన 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లదే. కరెంటు 6 వోల్టులు, నెగటివ్ ఎర్తు (బ్యాటరీ నెగటివ్ కొస బండి ఇనుముకి కలిపి ఉంటుంది). పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే వెంటనే లేస్తుంది. అరగంట తిరిగి ఆపి, పది నిమిషాలకి మళ్ళీ కొడితే మూలుగుతూ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. రాత్రి సిగ్నల్ దగ్గర నిలబడితే హెడ్‌లైట్లు పసుపెక్కుతాయి, అమ్మీటరు ముల్లు డిశ్చార్జి వైపు వాలుతుంది. బ్యాటరీ కొత్తది, నిండా చార్జి ఉంది. 12కి మార్చేస్తే రెండు బాధలూ తీరతాయని కొందరు, అసలు బండిని చెడగొట్టుకోవద్దని కొందరు అంటున్నారు. కారణాలతో సహా చెప్పండి.

శంకర్_హ్యూస్టన్
నిస్సంకోచంగా మార్చెయ్యండి. 1953లోనే క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ 12కి వెళ్ళిపోయాయి. 1955లో షెవ్రోలె కార్లు, అదే ఏడు మధ్యలో వచ్చిన కొత్త ట్రక్కులు, 1956లో ఫోర్డ్ మారాయి. ఇన్ని కంపెనీలు ఊరికే మారవు.

పని కూడా కొండంత ఏమీ కాదు. డైనమో తీసి డెల్కో (జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రికల్ సామాన్ల పేరు) 10ఎస్‌ఐ ఆల్టర్నేటరు, 63 ఆంపియర్లది, ఒకే వైరుతో పనిచేసేది పెట్టాలి. మీ 216కి వెడల్పు బెల్టు ఉంటుంది, కాబట్టి మామూలు సన్న పుల్లీ పనికిరాదు, వెడల్పు పుల్లీ విడిగా అడిగి తీసుకోండి. లోపలే రెసిస్టర్ ఉన్న 12 వోల్టుల ఇగ్నిషన్ కాయిల్ పెట్టండి. అలాంటిది దొరక్కపోతే సుమారు 1.5 ఓముల బ్యాలస్ట్ రెసిస్టర్ కలపండి. అది మరిచిపోతే పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంపే మొనలు) మాడిపోతాయి. పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు పాతవే చాలు. వెనక 6 వోల్టుల బల్బు 1154 స్థానంలో 12 వోల్టుల 1157, హెడ్‌లైట్లు 12 వోల్టులవి. పెట్రోలు ముల్లుకి వోల్టేజి తగ్గించే రిడ్యూసర్, హీటర్ మోటారుకి వరసలో ఒక రెసిస్టర్. ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ మీటర్లకి కరెంటుతో పని లేదు, ముట్టుకోకండి. అదే వాటేజికి 12 వోల్టుల్లో ఆంపియర్లు సగమే కాబట్టి పాత వైర్ల మందం సరిపోతుంది. గుడ్డ తొడుగు పొడిగా రాలిపోతుంటే మాత్రం మొత్తం మార్చాల్సిందే.

డులూత్_రెడ్డి
శంకర్ గారూ, కంపెనీలు ఎందుకు మారాయో కూడా చెప్పాలి కదండీ. ఎక్కువ కంప్రెషన్ ఉన్న పెద్ద వీ8లు వచ్చాయి, వాటిని తిప్పడానికీ, వాటి ప్లగ్గుల్లో గట్టి నిప్పురవ్వ పుట్టించడానికీ ఆరు వోల్టులు చాలలేదు. ఈ 216 కంప్రెషన్ 6.6కి 1. దీన్ని తిప్పడానికి ఆరు వోల్టులు ఎప్పుడూ చాలాయి. ఇదే ట్రక్కు కొత్తగా ఉన్నప్పుడు మిన్నెసోటా మంచులో ఆరు వోల్టులతోనే లేచేది. అంటే తప్పు వోల్టులది కాదు. ఈ 70 ఏళ్ళలో ఎవరో తగిలించిన సన్న కేబుళ్ళది.

లెక్క చూడండి. అటూ ఇటూ కలిపి ఆరడుగుల కేబుల్ అనుకుందాం. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు, 2/0 అంటే 4 గేజ్ కంటే బాగా లావుది. 4 గేజ్ కేబుల్‌లో 250 ఆంపియర్లు పారితే దాదాపు 0.37 వోల్టులు తీగలోనే పోతాయి. అదే 2/0 కేబుల్ వేస్తే 0.12 మాత్రమే. 12 వోల్టుల బండిలో ఆంపియర్లు సగం కాబట్టి 4 గేజ్‌తో పోయేది 0.19, అంటే ఒకటిన్నర శాతం. మీ బండిలో ఆరు శాతం. ఇది మంచి లగ్గులు, శుభ్రమైన అతుకులు ఉంటేనే. పార్ట్స్ షాపులో రెడీమేడ్‌గా వేలాడదీసే కేబుళ్ళు చాలావరకు 12 వోల్టుల బండ్ల కోసం చేసినవి. పైన రబ్బరు మందంగా ఉండి లావుగా కనిపిస్తాయి, లోపల రాగి మాత్రం సన్నం.

ప్లేనో గారూ, ఏదీ కొనకముందు ఈ పరీక్ష చెయ్యండి. ఇంజిను స్టార్ట్ అవకుండా కాయిల్ మధ్య వైరు పీకి ఎర్తుకి తగిలించండి. మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఇంజిను వేడిగా ఉన్నప్పుడు ఒకరు సెల్ఫ్ పెడల్ తొక్కుతుంటే ఇవి రాసుకోండి:

ఒకటి, బ్యాటరీ రెండు పోస్టుల మధ్య. 5కి తగ్గకూడదు.
రెండు, నెగటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు ఒంటికి. 0.2 దాటకూడదు.
మూడు, పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మీది బోల్టుకి. ఇదీ 0.2 లోపే.

మీటరు మొనని సీసపు పోస్టు మీదే ఆనించండి, క్లాంపు మీద కాదు. పోస్టుకీ క్లాంపుకీ మధ్య తుప్పు ఉంటే అది కూడా లెక్కలోకి రావాలి.

మూర్తి_ఒహాయో
మధ్యే మార్గం ఒకటుంది. 8 వోల్టుల బ్యాటరీ పెట్టి రెగ్యులేటర్ కాస్త పైకి తిప్పితే చాలు. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, మరేదీ మార్చక్కర్లేదు. పొలాల్లో పాత ట్రాక్టర్లకి ఇప్పటికీ ఇదే చేస్తారు.

బెజవాడ_ఆటోఎలక్ట్రీషియన్
మూర్తి గారూ, ట్రాక్టరుకి లైట్లతో పెద్ద పనుండదు కాబట్టి నడిచిపోతుంది. ఎనిమిది వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్లులు, అది నిండాలంటే 9.4 దాకా ఇవ్వాలి. ఆరు వోల్టుల బల్బు అలవాటు పడింది 7.2కి. ఫిలమెంటు బల్బు ఆయుష్షు వోల్టేజితో పాటు విపరీతంగా పడిపోతుంది, 30 శాతం పెరిగితే ఇరవయ్యో వంతు కూడా మిగలదు. రెగ్యులేటర్ తిప్పకపోతే బ్యాటరీ ఎప్పటికీ నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని చస్తుంది. ఎటు చూసినా నష్టమే.

12కి మారేవాళ్ళు రెండు చోట్ల బోల్తా పడతారు, శంకర్ గారు అవి చెప్పలేదు.

మొదటిది సెల్ఫ్. ఈ ట్రక్కుల్లో కాలితో పెడల్ తొక్కితే లివరు ముందు పినియన్‌ని (సెల్ఫ్ చివరి చిన్న పళ్ళ చక్రం) రింగ్ గేర్‌లోకి (ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ళ చక్రం) తోస్తుంది, ఆ తర్వాతే స్విచ్చి నొక్కుకుంటుంది. సర్దుబాటు తప్పి, పళ్ళు పూర్తిగా కలవకముందే స్విచ్చి తగిలిందంటే మోటారు తిరుగుతూ పళ్ళని కొరుకుతుంది. ఆరు వోల్టుల్లో అది కర్రుమని ఊరుకుంటుంది. అదే మోటారుకి 12 ఇస్తే ఇంకా వేగంగా తిరుగుతూ పళ్ళు ఎగరగొడుతుంది. 12 వోల్టుల బండి సెల్ఫ్ తెచ్చి బిగిద్దామంటే కుదరదు. పాత ఫ్లైవీల్‌కి 139 పళ్ళు, తర్వాతి 12 వోల్టుల ఇంజిన్లది 168 పళ్ళు. కాబట్టి మీ సెల్ఫ్‌లోనే ఫీల్డ్ కాయిళ్ళు 12 వోల్టులవి వేయించాలి. లేదా పాతదాన్నే ఉంచి పెడల్ సర్దుబాటు సరిచూసి, రెండు మూడు సెకన్లు మించి తొక్కకూడదు.

రెండోది అమ్మీటరు. డాష్‌లో ఉన్నది చిన్న డైనమోకి చేసింది. బ్యాటరీ దిగిపోయి ఉన్న రోజున 63 ఆంపియర్ల ఆల్టర్నేటరు తన శక్తంతా దాని గుండానే తోస్తుంది. వెనక నట్లు వదులుగా ఉంటే అక్కడే ఎర్రగా కాలుతుంది. ఆల్టర్నేటరు వైరుని ఫ్యూజిబుల్ లింకుతో (కరెంటు మితిమీరితే కరిగి తెగిపోయే తీగ ముక్క) నేరుగా సెల్ఫ్ మీది బ్యాటరీ బోల్టుకి తెచ్చుకోవాలి. అప్పుడు అమ్మీటరు చార్జింగు సరిగ్గా చూపించదు, పక్కన వోల్టు మీటరు పెట్టుకోవాలి.

డైనమో ఉంచుకునేవాళ్ళకీ ఒక మాట. డైనమో గానీ రెగ్యులేటర్ గానీ విప్పి బిగించాక, ఇంజిను స్టార్ట్ చెయ్యకముందు, రెగ్యులేటర్ మీద బ్యాటరీ టెర్మినల్‌కీ జనరేటర్ టెర్మినల్‌కీ మధ్య వైరు ముక్క ఒక్క క్షణం తాకించాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, చాలు. ఇది మీ బండిలోని డెల్కో డైనమోకే. ఫోర్డ్ డైనమోకి పద్ధతి వేరు, అక్కడ ఇలా చేస్తే రెగ్యులేటర్ కాలిపోవచ్చు. ఈ పని చెయ్యకపోతే డైనమో ఉల్టా పోలారిటీతో లేచి కట్‌ఔట్ (డైనమో చార్జి చెయ్యనప్పుడు దాన్ని బ్యాటరీ నుంచి విడదీసే స్విచ్చి) పాయింట్లు అతుక్కుపోతాయి.

1928 నుంచి 1954 దాకా జనరల్ మోటార్స్ బొంబాయిలో షెవ్రోలె లారీలు బిగించేది. మన వైపు పాత ఆటో ఎలక్ట్రీషియన్ల చేతికి ఈ డైనమోలూ కట్‌ఔట్లూ అలవాటవడానికి అదీ ఒక కారణం. ఆ తరంతో పాటు ఈ చిన్న చిన్న పద్ధతులు పోకూడదనే ఇంత వివరంగా రాశాను.

ప్లేనో3100
రెడ్డి గారు చెప్పినట్టే కొలిచాను, ఇంజిను వేడిగా ఉండగా. పోస్టుల మధ్య 5.3. నెగటివ్ నుంచి సెల్ఫ్ ఒంటికి 0.9. పాజిటివ్ వైపు 0.4. కేబుళ్ళ మీద 4 గేజ్ అని ఉంది. బ్యాటరీ నుంచి ఎర్తు కేబుల్ ఫ్రేముకి వెళ్ళింది.

డులూత్_రెడ్డి
దొంగ దొరికాడు. బ్యాటరీ 5.3 ఇస్తుంటే సెల్ఫ్‌కి చేరేది 4.0. నాలుగో వంతు దారిలోనే పోతోంది, అందులో ఎక్కువ ఎర్తు వైపే.

కారణం కూడా మీరే రాశారు. ఇంజిను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. ఎర్తు ఫ్రేముకి వస్తే అక్కణ్ణుంచి ఇంజినుకి ఏ దారిన వెళ్ళాలి? మంచి అల్లిక పట్టీ లేకపోతే ఆ ఆంపియర్లన్నీ లింకేజీల గుండా, తుప్పు బోల్టుల గుండా వెతుక్కుంటూ వెళ్తాయి. నెగటివ్ కేబుల్ 2/0ది తెచ్చి నేరుగా క్లచ్ హౌసింగ్ బోల్టుకి బిగించండి. అక్కడ పెయింటు గీకి, మెరిసే ఇనుము కనపడేదాకా గరుకు కాగితంతో రుద్దండి. ఇంజిను నుంచి ఫ్రేముకి ఒక పట్టీ, క్యాబిన్‌కి మరొకటి విడిగా వెయ్యండి. పాజిటివ్ కూడా 2/0. బ్యాటరీ క్యాబిన్ నేల కింద ఉంటుంది కాబట్టి బురద, నీళ్ళు తగులుతూనే ఉంటాయి. బిగించాక లగ్గుల (కేబుల్ కొసల బిళ్ళలు) మీద గ్రీసు పుయ్యండి.

శంకర్_హ్యూస్టన్
సెల్ఫ్ సంగతిలో రెడ్డి గారి మాట ఒప్పుకుంటున్నాను, ఆ 0.9 చూశాక వాదించడానికేం లేదు. 12కి మార్చి ఉంటే ఆ చెడ్డ ఎర్తు అలాగే దాగిపోయేది. కానీ సిగ్నల్ దగ్గర లైట్లో? కేబుళ్ళు మార్చినంత మాత్రాన డైనమో ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు) చార్జి చెయ్యదు కదా. రాత్రిళ్ళు హైవే ఎక్కే బండికి అది ప్రాణం మీది విషయం. నా ఓటు ఇప్పటికీ 12కే.

డులూత్_రెడ్డి
ఐడిల్‌లో డైనమో చార్జి చెయ్యదన్నది నిజం, అది దాని తీరు. కానీ లైట్లు పసుపెక్కడంలో సగం తప్పు పాత స్విచ్చిదీ, కాలి కింద డిమ్మర్‌దీ. హెడ్‌లైటు దగ్గర వోల్టేజి ఆరో వంతు తగ్గితే వెలుగు దాదాపు సగం పోతుంది. 6 వోల్టుల రిలేలు రెండు పెట్టి, లైట్లకి 10 గేజ్ వైరు నేరుగా ఇచ్చి, హెడ్‌లైటు బకెట్ నుంచి ఫ్రేముకి విడిగా ఎర్తు వెయ్యండి. అప్పటికీ తృప్తి లేకపోతే 6 వోల్టుల ఆల్టర్నేటర్లు దొరుకుతున్నాయి, ఐడిల్‌లోనూ చార్జి చేస్తాయి. పోటీలో నిలబెట్టే బండి అయితే మాత్రం డైనమో పక్కన దాచుకోండి, ఆల్టర్నేటరు కనిపిస్తే జడ్జీలు మార్కులు కోస్తారు. ఏసీ, ఎలక్ట్రిక్ ఫ్యాన్ కావాలనుకుంటే ఇక శంకర్ గారి దారే, అందులో సందేహం లేదు.

బెజవాడ_ఆటోఎలక్ట్రీషియన్
ప్లేనో గారూ, కేబుళ్ళు మార్చాక ఆ మూడు కొలతలూ మళ్ళీ తీసుకోండి. సెల్ఫ్ దగ్గరికి 5 వోల్టులు చేరుతున్నా వేడి మీద మూలుగు తగ్గకపోతే, ముందు ఇగ్నిషన్ టైమింగ్ చూడండి, మరీ ముందుకుంటే వేడి ఇంజిను వెనక్కి తంతుంది. అదీ సరిగ్గా ఉంటే సెల్ఫ్ దించి బుష్షులు చూడండి. అరిగిన బుష్షుల్లో ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) పక్కకి వాలి చుట్టూ కదలకుండా ఉండే పోల్ ముక్కలకి రాసుకుంటుంది, వేడెక్కే కొద్దీ ఇంకా పట్టేస్తుంది. ఆర్మేచర్ ఒంటి మీద ఒకవైపు మెరిసే గీతలు కనిపిస్తే అదే. కొత్త కంచు బుష్షులు బిగించే ముందు ఒక రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి.