క్రూజ్‌లో డిన్నర్‌కి ఏం వేసుకోవాలి?

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారి 7 రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. టికెట్‌తో వచ్చిన కాగితాల్లో ఫార్మల్ నైట్ (అంటే పద్ధతిగా తయారై డిన్నర్‌కి వెళ్లే రాత్రి) అని ఉంది, అది చూసినప్పటి నుంచి మా ఆయనకి ఒకటే టెన్షన్. సూటు తప్పనిసరా? రోజూ అలాగే తయారవ్వాలా?

జవాబు 1: రోజూ అక్కర్లేదండీ. వారం ట్రిప్‌లో ఫార్మల్ నైట్స్ మామూలుగా ఒకటో రెండో ఉంటాయి, మిగతా రోజులు కాలర్ షర్టు, మంచి ప్యాంటు చాలు. మెయిన్ డైనింగ్ రూమ్‌కి మాత్రం ఈత బట్టలతో, చెప్పుల్లేకుండా రానివ్వరు. ఓపిక లేని రోజు బఫేకి వెళ్లిపోండి, అక్కడ ఎవరూ పట్టించుకోరు.

జవాబు 2: ఏ కంపెనీ ఓడో చెప్పలేదు మీరు. కునార్డ్ వాళ్ల క్వీన్ మేరీ 2 లాంటి వాటిలో గాలా రాత్రులకి (ఫార్మల్ నైట్స్‌ని వాళ్లు అలా అంటారు) చాలా పద్ధతిగా తయారవుతారు, నార్వేజియన్ కంపెనీ ఓడల్లో అంత పట్టింపు లేదు. మీ కంపెనీ సైట్‌లో డ్రెస్ కోడ్ ఒకసారి చదవండి.

జవాబు 3: ఒక్క మాట. మొదటి రోజు పెద్ద సూట్‌కేసులు గదికి చేరేసరికి సాయంత్రం దాటొచ్చు, మేము జీన్స్ మీదే తినడానికి వెళ్లాల్సి వచ్చింది, నాకైతే చాలా బాధేసింది. ఆ రాత్రికి ఒక జత చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లకండి, అగ్నిప్రమాదమని లాగేసుకుంటారు, అందుకే ముడతపడని బట్టలే మేలు. ఏసీ చలికి పల్చటి శాలువా, ఓడ ఊగుతుంది కాబట్టి ఎత్తు తక్కువ చెప్పులు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. ఒక్క కోటు సర్దుతున్నాను, ఆయన ఊపిరి పీల్చుకున్నారు.